మంగళము పాడు వేళ

గత శ్రావణమాసమున గద్వాలలో మా బంధువులయింట వరలక్ష్మీవ్రతమునకు బోయియుంటిమి. పూజ చక్కగా జరిగినది. కథ చదివిరి, తోరములు కట్టుకొనిరి, నైవేద్యమైనది. ఇక హారతిపాట యనునప్పటికి అచట కూడిన పదునైదుగురు ముత్తైదువులును ఒకరి ముఖమొకరు చూచుకొనసాగిరి. ఇంటి కోడలు చురుకైన పిల్ల. వెంటనే చేతిలోని ఫోను తెఱచి యొక మంగళహారతి పాటను బెట్టి, దానిని దేవుని పీటకు చేరగిలవేసినది. పల్లవి పూర్తియై మొదటి చరణము సగమైనదో లేదో, పాట యాగిపోయి, యెవరో యొక పురుషుడు బట్టలసబ్బు గుణములను వర్ణింప నారంభించెను! అందఱును నవ్విరి. మేమును నవ్వితిమి. ఆతని వర్ణనము ముగియునప్పటికి పళ్లెములోని కర్పూర మాఱిపోయినది. "పోనీ లెండి, అమ్మవారికి మాత్రము బట్టలు తెల్లగా నుండవలదా" యని యొక పెద్దమ్మ సరసమాడినది గాని, ఇంటి యజమానురాలి కన్నులలో నీరు తిరుగుట మేము చూచితిమి. సంవత్సరమున కొకమాఱు చేసికొను వ్రతము; అది ముగియవలసిన తీరున ముగియలేదు.

ఆ దినము మొదలుకొని ముగింపుపాటను గూర్చి మన సోదరీమణులతో నాలుగు మాటలు చెప్పుకొనవలెనని మనసున నున్నది. మావారు బడిపంతులగుటచే బదిలీలు తప్పవు. గద్వాలలో కొన్నేండ్లు, వనపర్తిలో కొన్నేండ్లు, ఇప్పుడు నాగర్‌కర్నూలులోను కాపురము చేయుచున్నాము. 2016వ సంవత్సరమున నీ మూడును పాలమూరు జిల్లానుండి విడివడి మూడు వేఱువేఱు జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి గాని, పాటకు ఆ యెల్లలు తెలియవు. గద్వాలలో విన్న హారతి వరుసయే నాగర్‌కర్నూలులో మఱియొక దేవుని పేరుతో వినబడును.

మాకు బడిచదువు లేదు. మా తండ్రిగారే యింట గూర్చుండబెట్టి కావ్యములు చెప్పిరి. చిన్నతనమున మాకొక దుర్గుణముండెడిది. భాగవతమున కథ ముగియగానే గ్రంథము మూసివేయుట. ఆశ్వాసాంతమందును, స్కంధాంతమందును కవి చెప్పు చివరి పద్యములను, గద్యమును చదువకయే లేచెడివారము. ఒకనాడు మా తండ్రిగారు చూచి, "గుడికి బోయి దేవుని జూచి, వెనుదిరుగునప్పుడు గడపకు మ్రొక్కవా?" యని యడిగి, నాటినుండి ఆ చివరి పద్యములనే ముందుగా నప్పజెప్పించుకొనసాగిరి. శాస్త్రములు మొదటను, నడుమను, తుదిని మంగళము గలవిగా నుండవలెనని పతంజలి మహాభాష్యమున జెప్పెను. సంస్కృత నాటకము భరతవాక్యముతో ముగియును. అనగా నంతవఱకు రాజుగానో, విరహిణిగానో నటించినవారు తమ సుఖదుఃఖములు చాలించి, చూడవచ్చిన లోకమంతయు సుఖముగా నుండవలెనని కోరుదురు. వ్రతకథకు ఫలశ్రుతి గలదు. ఈ యేర్పాటులన్నిటికిని లోపలి పని యొక్కటియే. అంతవఱకు గ్రంథములోనో రంగముమీదనో నున్న శుభమును అచటినుండి యెత్తి, విన్నవారి యొడిలో వేయుట. మన హారతిపాట చేయునదియు నదియే.

గద్వాలను పూర్వము విద్వద్గద్వాల యని పిలిచెడివారు. సోమనాద్రి కట్టించిన కోటలో చెన్నకేశవస్వామి యాలయము నేటికిని గలదు. ఆ సంస్థానమునకు దూరదేశములనుండి కవులు వచ్చి సత్కారములు పొందెడివారు. తిరుపతి వేంకటకవులును గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానములను దర్శించినవారే. అవధానమున కడపట జరుగునది ధారణ. పృచ్ఛకు లడిగినదానికి ముక్కముక్కలుగా జెప్పిన పద్యముల నన్నిటిని అవధాని చివర వరుసగా నొప్పజెప్పును. అంతదనుక చెదరియున్నది యప్పుడొక్కటిగా గూడును. ధారణ తప్పినచో, నడుమ నెంత చమత్కారము చూపినను, ఆ యవధానము నిండదు. ముగింపు బలమెట్టిదో యిందువలన దెలియును.

గద్వాలయన్న మన సోదరీమణులకు కవులకంటె ముందు చీర గుర్తునకు వచ్చును. అందు తప్పేమియు లేదు. ఆ చీర ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. నూలుపోగు ముగిసినచోట పట్టుపోగును ఒక్కొక్కటిగా జేర్చి, చేతితో మెలివేసి కలిపెదరు. ఆ పనికి ఎంతయో యోపిక కావలెను. మంచి ముగింపుపాటయు నట్టి కొంగువంటిదే యని మాకు దోచును. దాని పోగు వేఱు. రాగము వేఱు, నడక వేఱు. అయినను ముందు పాడిన పాటలనుండి తెగినట్లు కనబడరాదు.

ఇక హారతిపాట కట్టుబడిని గూర్చి. దీనిని మేము గ్రంథములలో నేర్చుకొనలేదు. మా మేనత్తవద్ద నేర్చుకొంటిమి. ఆమె చెప్పిన మొదటి మాట శ్రుతిని గూర్చినది. పేరంటమున ముందు పాడినవారు హెచ్చు స్థాయిలో పాట ముగించి కూర్చుందురు. ఆ యూపులోనే హారతి యెత్తుకొన్నచో ముసలివారికి గొంతు అందదు, పిల్లలు కీచుమందురు, రెండవ చరణమునకే పాట పలుచబడును. కావున హారతి పాడు నామె యొక నిమిషమాగి, స్థాయి దించుకొని, మెల్లగా నెత్తుకొనవలెను. ముగింపుపాట పాడువారి గొప్పను చూపుటకు గాదు. అచట కూడినవా రందఱును గొంతు కలుపుటకు. అందువలననే వాని వరుసలు ఎక్కువ ఎత్తునకు బోవు, మిక్కిలి క్రిందికి దిగవు. పల్లవి చిన్నది. మొదటి చరణమున కొత్తగా వినినవారు రెండవ చరణమునకు పల్లవి నందుకొనగలరు.

రెండవ మాట కర్పూరమును గూర్చినది. కర్పూరపు బిళ్ల వెలుగుట యెంతసేపు? ఒక చరణము, మహా యైన రెండు. చేయి తిరిగినవారు చరణము చివర వచ్చునప్పటికి రెండవ బిళ్లను జార్చి, వెలుగు తగ్గకుండ జూతురు. పసుపును సున్నమును గలిపిన ఎఱ్ఱనీటిపళ్లెములో హారతి యైనచో పళ్లెము పట్టినవారి చేతులు నొచ్చునుగదా యని పాడువారికి తెలివి యుండవలెను. తొట్టెలలో శిశువున్నప్పుడు రెండు చరణములు చాలును. శిశువునకు మన సంగీతముతో బనిలేదు. సీమంతమున నైదు పాడినను వినెడివారు గలరు.

మూడవది, పాటలోని నడక. మా ప్రాంతపు హారతులు పెక్కింటిలో మొదటి చరణము దేవుని పాదములవద్దనో కిరీటమువద్దనో మొదలగును. తరువాత ఆయన చేసిన పనులు వచ్చును. తరువాత నూరి పేరు. ఫలాని గుట్టమీద నున్నవాడని, ఫలాని యేటియొడ్డున నున్నవాడని. కడపటి చరణమున పాట కట్టినవారి పేరు, దానితోబాటు విన్నవారికి దీవెన. చూడుడు, వైకుంఠమున మొదలైన పాట క్రమముగా దిగి దిగి మన యూరికి వచ్చి, మన వాకిట నిలిచి, మనకు పసుపు కుంకుమలిచ్చి ముగిసినది. ఇంతకంటె చక్కని యేర్పాటు ఏ మహాకవి చేసినాడు?

కచేరీలయందును ఇట్టి మర్యాదయే గలదు. త్యాగరాజస్వామి సౌరాష్ట్ర రాగమున రచించిన 'నీ నామ రూపములకు' అను కీర్తన దక్షిణదేశమంతటను మంగళముగా బాడుచున్నారు. మధ్యమావతి రాగమున కచేరీ ముగించినచో అంతవఱకు దొరలిన దోషములు తొలగునని పెద్దల నమ్మకము. అది నిజమగునో కాదో గాని, పాడినవారికి తమ తప్పులు జ్ఞాపకముండుట మంచిదే.

వనపర్తిలో మా యింటికి సమీపమున నొక భజనమందిర ముండెను. ఏకాదశి రాత్రులయందు హార్మోనియము, తబలా, తాళములతో తెల్లవాఱుదనుక భజన జరిగెడిది. త్యాగరాజు కీర్తన ప్రక్కనే మన్యంకొండ హనుమద్దాసు కీర్తనయు పాడెడివారు. భజన నడుపు వృద్ధునకొక నియమము గలదు: మంగళము పాడిన తరువాత మఱి పాట పాడరాదు, పాడినచో మంగళము మరల పాడవలెను. ఒకనాడు మంగళమైన పిమ్మట నొక పడుచువాడు తాళములు సంచిలో బెట్టుచు నేదో సినిమాపాట కూనిరాగము తీసెను. వృద్ధుడు లేవబోయినవాడు మరల కూర్చుండి, అందఱిని కూర్చుండబెట్టి, మంగళము మొదటినుండి చివరవఱకు పాడించెను. తల్లుల యొడిలో నిద్రించు పిల్లలు మంగళపు తొలిమాట వినగానే కన్నులు తెఱచెడివారు. తరువాత వచ్చునది ప్రసాదమని వారికి తెలియును. ఆనాడు వారు రెండుమాఱులు మేలుకొనవలసివచ్చినది.

ఇట్టి ముగింపులు మనకింకను గలవు. భాద్రపదమున కన్నెపిల్లలు బొడ్డెమ్మచుట్టు ఆడి, చివర నామెను నిద్రపుచ్చు పాట పాడుదురు. పెండ్లిలో అప్పగింతపాట గలదు. దానిని వ్రాయబూనినచో వేఱొక వ్యాసమగును. వ్రాయుచు మేమే యేడ్తుము.

పాటలు గ్రామఫోను పలకలమీదికెక్కిన తొలిదినములలో ముగింపుపాటకు చోటు లేకపోయినది. నాటి పలక యొకవైపున సుమారు మూడు నిమిషములు మాత్రమే మ్రోగెడిది. ఒక పాట, అంతే. దేనికి ముందు, దేనికి తరువాత? 1948లో అమెరికాలో దీర్ఘకాలము మ్రోగు పలకలు వచ్చిన తరువాతగాని పాటలకు వరుస యేర్పడలేదు. వరుస యున్నచోట మొదటి పాటకును చివరి పాటకును విలువ కలుగును. పాశ్చాత్య సంగీతము వినుట యందు ఆసక్తిగల మా మఱిది యొకప్పు డొక సంగతి చెప్పినాడు. 1967లో ఆంగ్లదేశపు బీటిల్స్ బృందమువారు వెలువరించిన పలక చివరిపాట తుదిని పియానోలపై నొక్కమాఱుగా స్వరములు మీటి, ఆ నాదము దానంతటది సన్నగిల్లి యణగిపోవువఱకు నలువది సెకండ్లకు పైగా నట్లే యుంచిరట. అది విని మేము, గుడిలో హారతిగంట మ్రోగి యాగిన తరువాత మిగులు నాదమును దలచుకొంటిమి. వారికిని తెలిసినదన్నమాట!

మన యిండ్లలో నీ వరుసను నిలిపినది శ్రీ వేంకటేశ్వర సుప్రభాతము. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి గానమున నది 1963లో పలకగా వెలువడినది. సుప్రభాతము, స్తోత్రము, ప్రపత్తి, కడపట మంగళాశాసనము. మా పుట్టింట నది క్యాసెట్టుగా నుండెడిది. మా యమ్మగారికి గడియారముతో బనిలేదు. స్తోత్రమునకు పొయ్యి వెలుగవలెను, ప్రపత్తికి పాలు పొంగవలెను, మంగళాశాసనమునకు మేము జడలు వేసికొని పలకాబలపముతో తండ్రిగారియెదుట గూర్చుండవలెను. ఫోనులు వచ్చిన తరువాత ఆ వరుస చెదరినది. పాటలను కలగాపులగముగా వినిపించు మీట యొకటి అందు గలదు. మొన్న మా యమ్మాయి దానిని నొక్కగా మొదట మంగళహారతి వచ్చి, తరువాత వినాయకుని ప్రార్థన వచ్చినది! విస్తరిలో మజ్జిగయన్నము ముందు పెట్టి పప్పు తరువాత వడ్డించినట్లు. యంత్రమును నిందించి లాభము లేదు. దానికి పాట తెలియునుగాని వేళ తెలియదు. వేళ తెలిసినవారు మన యిండ్లలోనే యుండిరి. వారిని మనమే దూరముగా గూర్చుండబెట్టితిమి.

ఇందాక మా మేనత్తను గూర్చి చెప్పితిమి. ఆమెకు పందొమ్మిదవ యేటనే వైధవ్యము ప్రాప్తించినది. పుట్టింటికి వచ్చి, మా నాయనమ్మవద్దను, వచ్చిపోవువారివద్దను విని విని, నూటికి పైగా పాటలు నేర్చుకొనెను. కాని శుభకార్యమున హారతి పాడు నర్హత ఆమెకు లేదు. ముత్తైదువులు పీటల చెంత నిలిచి పాడుచుండగా, ఆమె వంటయింటి తలుపు వెనుక గూర్చుండి బియ్యము చెఱిగెడిది. మూడవ చరణమున వీరికి మాట తప్పును, పాట యాగును. అప్పుడు తలుపు వెనుకనుండి సన్నని గొంతు తరువాతి మాట నందించెడిది. వీరందుకొని ముందుకు సాగెడివారు. పాట యైన తరువాత తాంబూలము పాడినవారికి. మేము బాలికలమై యున్నప్పుడు అది యొక యాటగా దోచెడిది. తలుపు పాడుచున్నదని నవ్వుకొనెడివారము. ఇప్పుడు తలచుకొన్న ప్రాణము చివుక్కుమనును.

తిరుమలలో స్వామికి రాత్రి జరుగు కడపటి సేవ యేకాంతసేవ. దానిని గూర్చి మనవారిలో నొక నానుడి గలదు: తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి. తాళ్లపాక వంశమువారు లాలి పాడుదురు. తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి యిత్తురు. వెంగమాంబ 1730 ప్రాంతమున తరిగొండలో జన్మించి, 1817వఱకు జీవించిన కవయిత్రి. వేంకటాచల మాహాత్మ్యమును, ద్విపద భాగవతమును రచించిన విదుషి. బాల్యముననే భర్త గతించగా లోకులు విధింపబోయిన వేషమును ఆమె యొప్పుకొనలేదు. స్వామియే తనకు భర్తయని నిలిచినది. జగన్నాథునకు దినము ముగియునది ఆమె హారతితో! మా మేనత్తకు మా యింటి పీటచెంత చోటు లేకపోయినది.

"ఆమె మహాభక్తురాలు, ఆమె మాట వేఱు" అని యొక పెద్దావిడ మాతో ననిరి. కావచ్చును. అయినను పాట నేర్చుకొనుటకు మహాభక్తురాలే కానక్కఱలేదు గదా.

నాగర్‌కర్నూలునకు వచ్చిన తరువాత మా ప్రక్కయింట నొక వృద్ధురాలితో పరిచయమైనది. ఆమె పుట్టినయూరు కృష్ణయొడ్డున నుండెడిది. 1980 దాటిన తరువాత శ్రీశైలము జలాశయము నిండినప్పుడు మునిగిన గ్రామములలో నది యొకటి. కొల్లాపురమున నేడు చూచు మాధవస్వామి యాలయము సయితము ఆ నీటి భయమున మంచాలకట్టనుండి రాయిరాయిగా విడదీసి తెచ్చి కట్టినదే. ఈమె యూరి చిన్న గుడికి అట్టి భాగ్యము పట్టలేదు. కాని ఆ దేవునిమీది హారతి యామెకు వచ్చును. మూడవ చరణమున నూరి పేరు, రేవు పేరు, రేవులోని చెట్టు పేరు గలవు. ఆమె పాడునప్పుడు ఆ మూడు పేళ్లను నిలిపి నిలిపి పలుకును. ఆ యూరు ఇప్పుడు పాటలో దక్క మఱియెచటను నిలిచియుండలేదు. ఆమెయు భర్తను గోల్పోయినదే.

గత సంవత్సరము మా యమ్మాయి పుట్టినదినమునకు ఇంట సత్యనారాయణవ్రతము చేసికొంటిమి. హారతివేళకు మేము ఆమె చేయిపట్టుకొని లోపలికి దెచ్చి పాడుమంటిమి. మావారితో ముందే చెప్పియుంటిమి. ఆయన "నీ యిష్టము" అని కండువా సవరించుకొనిరి. ఆమె మాత్రము గడప దాటలేదు. "వద్దు బిడ్డా, పళ్లెము నువ్వు పట్టు. నేనీడనుంచే అంట" అని ద్వారబంధమునకానుకొని నిలిచి పాడినది. స్థాయి దించి, మెల్లగా. మా మేనత్త చెప్పినట్లే. మా యమ్మాయి రెండవ చరణమునకు గొంతు గలిపినది. వచ్చినవారిలో నొకరు తాంబూలము పుచ్చుకొనకయే వెడలిపోయిరి. వారితో మాకు నేటివఱకు మాటలు సరిగా లేవు. తక్కినవారు కూర్చుండిరి. ఇద్దఱు ఆ పాట వ్రాసియిమ్మని యడిగిరి.

నాటినుండి మేమొక నోటుపుస్తకము పెట్టి పాటలు వ్రాయుచున్నాము. పాట మాత్రమే గాదు. ఏ వేళకు, ఎన్ని చరణములు, ఎవరి దగ్గఱ విన్నది అనునవి కూడ వ్రాయుచున్నాము. మా మేనత్త మాకు పండ్రెండేండ్లప్పుడే కాలము చేసినది గనుక ఆమె పాటలు జ్ఞాపకమున్నంతవఱకు ముప్పదినాలుగు మాత్రమే దొరకినవి. అందొకటి గద్వాల ప్రాంతపు లక్ష్మీహారతి, ఆనందభైరవివంటి వరుస. మొదటి చరణమున అమ్మవారి కాలియందెలు, రెండవ చరణమున ఒడిబియ్యము, నాలుగవ చరణమున ఇంటిల్లిపాదికి దీవెన. మూడవ చరణము మాకు రాదు. తలుపు వెనుకనుండి వినవచ్చెడి చరణమది. సోదరీమణులలో నెవరికైన దెలిసియున్నచో వ్రాసి పంపుడు. పుస్తకమున దానికై యొక పుట విడిచియుంచితిమి.